ఎర్రగుడి బండలు, బౌద్ధుల పేచీలు

తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో దిగుతారు. ఆ పక్కనే గుత్తి-పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి బండల వైపు తల తిప్పేవాళ్లు తక్కువ. 1920ల చివర్లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా వాటి మీదున్నది అశోకుడి రాతని లోకానికి తెలీదు. 14 పెద్ద శాసనాలు, రెండు చిన్న శాసనాలు ఇక్కడున్నాయి. చిన్నవాటిలో కొన్ని వరుసలు మడక మళ్లినట్టు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి.

పెద్దవాటిలో 12వ శాసనం చూడండి. తన మతాన్ని పొగిడి ఎదుటివాడి మతాన్ని తెగిడేవాడు తన మతానికే చెరుపు చేస్తాడట. నోరు అదుపులో పెట్టుకుని ఒకరి ధర్మం ఒకరు వినాలట. ఇంత పెద్దమనసున్న రాజూ సొంత బౌద్ధ సంఘం దగ్గరికొచ్చేసరికి బిగుసుకున్నాడు. సంఘాన్ని చీల్చినవాళ్లకు తెల్లబట్టలు కట్టించి వెళ్లగొట్టమని సాంచి, సారనాథ్ స్తంభాల మీద రాయించాడు. ఆ ఆజ్ఞ మన బండ మీద లేదు.

ఉన్నా చీలికలు ఆగేవి కావు. బుద్ధుడు వారసుణ్ణి పెట్టలేదు. చిల్లర నియమాలు కావాలంటే వదిలేయొచ్చన్నాడు. ఏవి చిల్లరవో శిష్యుడు ఆనందుడు అడగలేదు. అక్కడే పడింది పీటముడి. తర్వాత వైశాలిలో భిక్షువుల మధ్య, కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా, బంగారం వెండి పుచ్చుకోవచ్చా అని పెద్ద పేచీ. విలువైనదాని దగ్గర తగువెందుకొస్తుందో వజ్రాలేరే జొన్నగిరి దిక్కువాళ్లకు వేరే చెప్పాలా!

ఆపైన తగువు నియమాలు దాటి మనుషుల మీదికెళ్లింది. నిర్వాణం సాధించిన అర్హతుడికీ సందేహాలుంటాయని కృష్ణాతీరపు పూర్వశైలీయ శాఖవాళ్లన్నారు. పాతదారి పట్టిన థేరవాదులు ససేమిరా అన్నారు. థేరవాద వ్యాఖ్యాత బుద్ధఘోషుడు మన ఆంధ్ర శాఖల్ని 'అంధకులు' అని ఒక్క గాటన కట్టాడు. బుద్ధుడి మలం సకల పరిమళాలనూ మించుతుందని వాళ్లలో కొందరి వాదమట. నవ్వొస్తుంది గానీ, దాని వెనక ప్రశ్న చిన్నది కాదు: బుద్ధుడు మనలాంటి మనిషా, మనిషిని మించినవాడా? అంధకులు అర్హతుణ్ణి కిందికి దించి, బుద్ధుణ్ణి పైకెత్తారు. మహాయానానికి దారి అటే పడిందని నేననుకుంటాను.

ఇంత వాదించుకున్నవాళ్లు నాగార్జునకొండలో ఒకే లోయలో విహారాలు కట్టుకున్నారు. అపరశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ భిక్షువులు, అందరికీ అక్కడ చోటు దొరికింది. 12వ శాసనం అడిగింది అదే.

గుత్తి మీదుగా పోయేటప్పుడు ఎర్రగుడిలో ఓ గంట ఆగండి. అక్షరాలు సరిగా కనబడలేదని వాటి మీద సుద్దముక్క మాత్రం రుద్దకండి.