సూక్ష్మధూళి: ఒకే గాలికి రెండు లెక్కలు

గాలి కాలుష్యం అనగానే మనకు బస్సు వెనక నల్లపొగ గుర్తుకొస్తుంది. నిజానికి ఎక్కువ హాని చేసేది కంటికి కనిపించని ధూళి. గాలిలో తేలే కణాల వ్యాసం 10 మైక్రోమీటర్ల లోపు ఉంటే పీఎం 10 అనీ, 2.5 లోపు ఉంటే పీఎం 2.5 అనీ అంటారు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు.

పెద్ద కణాలు చాలావరకు ముక్కు, గొంతుల్లోనే ఆగిపోతాయి. పీఎం 2.5 ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా వెళుతుంది. వాటిలో మరీ సన్ననివి రక్తంలోనూ కలుస్తాయి. అందుకే ఉబ్బసమే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో ప్రపంచమంతటా 42 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు మించరాదని ఆ సంస్థ 2021లో సూచించింది. అమెరికా 2024లో 9 అని నిర్ణయించింది. భారతదేశం 2009లో పెట్టుకున్న పరిమితి 40.

ఈ తేడా రోజూ ప్రకటించే వాయు నాణ్యతా సూచీలోనూ ఉంది. రోజు సగటు 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. భారతీయ సూచీలో అది 100, అంటే "సంతృప్తికరం". అమెరికా సూచీలో అదే గాలి 150 దాటి "అనారోగ్యకరం" అవుతుంది. కాబట్టి ఇంటికి ఫోన్ చేసి "గాలి ఎలా ఉంది?" అని అడిగేటప్పుడు సూచీని కాక, మైక్రోగ్రాముల లెక్కను చూడటం మేలు.

మనలో చాలామంది ఇండియా వెళ్ళేది డిసెంబరు, జనవరి నెలల్లో. హైదరాబాదులో, విజయవాడలో గాలి బాగా పాడయ్యేదీ చలికాలంలోనే. రాత్రి నేల చల్లబడినప్పుడు, దాన్ని ఆనుకున్న చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోలేక అక్కడే ఉండిపోతాయి. ఎండ ఎక్కాక గానీ ఆ మూత తొలగదు.

అందుచేత తెల్లవారుజామున ఐదింటికి నడకకు వెళ్ళే అమ్మానాన్నలకు, ముఖ్యంగా గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారికి, చలికాలంలో కాస్త ఎండ వచ్చాక వెళ్ళమని చెప్పండి. రద్దీ రోడ్డు పక్కన కాక పార్కులో నడవడం మంచిది. గుడ్డ మాస్కు ఈ కణాలను సరిగా ఆపలేదు, ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 ఆపుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లల్ని వెంట తీసుకెళుతుంటే ఇన్‌హేలరు చేతిసంచీలోనే పెట్టుకోండి.