పంబ మోగుతోంది, పాట ఏదీ?

ఎవణ్ణయినా గట్టిగా దులిపేస్తే ‘పంబ రేగ్గొట్టాడు’ అని మన ఇళ్లలో ఇప్పటికీ అంటాం. ఆ పంబ ఏమిటని అడిగితే మన పిల్లల్లో చాలామంది తెల్లముఖం వేస్తారు. గుడియాత్తం పిల్లలకు మాత్రం తెలుసు, పంబై అన్న తమిళ పేరుతో. ఏటా వైకాశి మొదటి తేదీన, అంటే మే 14 లేదా 15న, గంగమ్మ సిరసు ఊరేగేటప్పుడు ముందు నడిచే వాద్యాల్లో అదొకటి. ఆ వాద్యం గురించీ, దాన్ని వాయించే మేళం గురించీ, ఆ మేళంతోపాటు ఈ ప్రాంతానికి వచ్చిన తెలుగు పాట గురించీ నాలుగు మాటలు రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

పంబ ఒక్క డోలు కాదు, జోడు. పీపాల్లాంటి రెండు డోళ్లను పక్కపక్కనో, ఒకదానిమీద ఒకటిగానో తాళ్లతో బిగించి కడతారు. సాధారణంగా ఒకటి కొయ్యది, ఒకటి ఇత్తడిది. రెండింటి గొంతూ వేరు. కొయ్య డోలు మందంగా పలికితే ఇత్తడి డోలు గణగణమంటుంది. మెడకో నడుముకో తగిలించుకుని, నిలబడి, నడుస్తూ, గిరగిరా తిరుగుతూ కూడా వాయిస్తారు. తోడుగా చేతిలో ఇమిడే ఉడుక, తాళాలు, చేత్తో పట్టి ఆడించే చిలంబులు ఉంటాయి. చిలంబు కాలికి కట్టే గజ్జె కాదు, లోపల గుళ్లు పోసిన పెద్ద కడియం. వేలూరు చుట్టుపక్కల అమ్మవారి గుళ్లలో ఈ చిలంబులు పట్టి పంబ వేగానికి ఆడే ఆటకు కైచిలంబాటమని పేరే ఉంది.

శాస్త్రీయ సంగీతం విన్న చెవికి మొదట ఇది వట్టి రొద. నెమ్మదిగా వింటే క్రమం తెలుస్తుంది. మొదట దేవతల స్తుతి, చాలా నిదానంగా. తరువాత కథ: ప్రధాన కథకుడు నాలుగు మాటలు వచనంలో చెప్పి, ఒక చరణం అందుకుంటాడు. వంతవాళ్లు చివరి మాట పట్టుకుని లాగుతారు. కథ ముదిరేకొద్దీ దెబ్బల మధ్య ఎడం తగ్గుతుంది. అమ్మవారు ఎవరిమీదికో వచ్చే వేళకు దెబ్బా దెబ్బా విడదీసి వినడం ఎవరి తరమూ కాదు. అప్పుడు గొంతు కూడా పాట మాని కేక అవుతుంది. పూనకం దిగగానే వాయిద్యం టక్కున ఆగుతుంది. ఆ ఆగడంలోనే వాళ్ల పనితనమంతా ఉందని నా అభిప్రాయం.

మా బ్రాంచిలో వేలూరులోనే ఇంజనీరింగు చదివి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు. జాతర పంబ విని, ‘సార్, ఇది గ్రైండ్‌కోర్’ అన్నాడు. అదేమిటో నాకు తెలియదు. భోజన విరామంలో చెవిలో పెట్టి వినిపించాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ప్రాంతపు కుర్రాళ్లు నేపామ్ డెత్ అనే పేరుతో మొదలుపెట్టి, 1987లో స్కమ్ అనే రికార్డు వేశారట. అందులో 28 పాటలు, మొత్తం కలిపి అరగంట చిల్లర. వాటిలో ఒక పాట సెకనున్నర కూడా ఉండదు, ప్రపంచంలో అతి పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కాలితో కొట్టే పెద్ద డోలు, చేత్తో కొట్టే చిన్న డోలు, తాళం, ఈ మూడింటినీ ఊపిరి సలపనంత వేగంగా మార్చి మార్చి కొట్టడం వాళ్ల పద్ధతి. పాడేవాడు పాడడు, కడుపులోంచి గుర్రుమంటాడు. ఆ పద్ధతి ఫ్రాన్సుకూ పాకింది. అక్కడి ఆల్సేస్ ప్రాంతంలో ఇన్‌హ్యూమేట్ అనే బృందం ఏళ్ల తరబడి ఇదే వాయించింది. ఆల్సేస్ కూడా మనలాంటి సరిహద్దు చోటే. ఫ్రాన్సుకూ జర్మనీకీ మధ్య చేతులు మారుతూ వచ్చిన ప్రాంతం, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష.

నాకు ఆ సంగీతం రుచించలేదు. అయితే ఆ కుర్రాడు చెప్పిన ఒక సంగతి మనసులో నిలిచింది. వాళ్ల పాటలో ఒక్క మాటా చెవికి అర్థం కాదట. అందుకని రికార్డు అట్టలో మాటలన్నీ అచ్చువేసి ఇస్తారట. మన పంబవాళ్ల సంగతి సరిగ్గా తిరగబడింది. వాళ్ల మాటలు చెవికి స్పష్టంగా అర్థమయ్యేవి. అచ్చువేసినవాళ్లే లేరు.

ఇక చరిత్ర. అమ్మవారి ముందు డోలు కొట్టి రేణుక, పరశురాముల కథ పాడటం తెలుగులో కొత్తది కాదు. కొందరు శ్రీనాథుడిదనీ, కొందరు వినుకొండ వల్లభరాయుడిదనీ వాదించుకునే క్రీడాభిరామంలో ఓరుగల్లు వర్ణన ఉంది. అక్కడ ఏకవీరాదేవి ఎదుట బవనీడొకడు వాద్యంతో పరశురాముడి కథలు పాడతాడు. ఆరు వందల ఏళ్ల నాటి మాట ఇది. బవనీలది జమిడిక, పంబలవాళ్లది పంబ. వాద్యం వేరైనా పని ఒకటే. 1909లో థర్‌స్టన్ దక్షిణదేశపు కులాల గురించి అచ్చువేసిన సంపుటాల్లో పంబలవాళ్లు కనిపిస్తారు. మాలల్లో గ్రామదేవతల కొలుపులు చేసేవాళ్లనీ, అంకమ్మ కథ చెబుతారనీ, ముగ్గు వేస్తారనీ ఉంది. 1915లో పుస్తకం వేసిన ఎల్మోర్ అనే మిషనరీ కూడా వీళ్లను పేర్కొన్నాడు. ఇద్దరూ పద్ధతులు వివరంగా రాశారు గాని కథను వాళ్ల మాటల్లో దించుకోలేదు. దొరలకు తంతు ముఖ్యం, పాట కాదు.

గుడియాత్తానికి ఈ మేళం ఎలా వచ్చిందంటే, రావలసిన పని లేదు, అప్పట్లో అంతా ఒకే జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు కంగుంది జమీను, గుడియాత్తం, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాడు కిందే ఉండేవి. పలమనేరు వైపు కొండల్లోంచి దిగే కౌండిన్య నది గుడియాత్తం ఊరి మధ్యగా పోయి పాలారులో కలుస్తుంది. గంగమ్మ గుడి ఆ ఏటి ఒడ్డునే గోపాలపురంలో ఉంది. జనమూ, పెళ్లిసంబంధాలూ, పశువుల బేరాలూ, కొలుపుల మేళాలూ ఆ దారినే ఎక్కి దిగాయి. గీత జిల్లాల మధ్య పడింది. 1953లో అదే గీత రాష్ట్రాల మధ్యది అయింది. 1960లో తిరుత్తణి, సత్యవేడు మార్పిడి జరిగినప్పుడు కూడా గుడియాత్తం ఊసు లేదు. ఏరు మాత్రం ఎప్పటిలాగే పారింది, మోర్దానా ఆనకట్ట కట్టేదాకా.

గుడియాత్తం సిరసు కథ పాఠకులకు తెలిసిందే అయినా ఒక ముక్క చెప్పాలి. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరికాడు, ఆమెకు అడ్డుపడిన మాదిగ స్త్రీ తలనూ నరికాడు. వరం పొంది బతికించబోయి, కంగారులో తల్లి తలను ఆ స్త్రీ మొండేనికి అతికించాడు. జాతరనాడు తరణంపేట ముత్యాలమ్మ గుడినుంచి సిరసు బయలుదేరి, వీధులన్నీ తిరిగి, గోపాలపురం గుడిలో ఉన్న మొండేనికి చేరుతుంది. దారిపొడుగునా కొబ్బరికాయల చిప్పలు కుప్పలు పడతాయి. సాయంత్రం సిరసును తీసి మళ్లీ ఊరేగింపుగా ఏటి చాకలిరేవుకు తీసుకుపోతారు. జిల్లాకంతా సెలవిచ్చేంత పండుగ. పూజలు అందుకునే సిరసు ఎవరిది, దాన్ని మోసే ఒళ్లు ఎవరిది అన్న ప్రశ్న ఈ కథలోనే ఉంది. ఆ ఒళ్లు ఏ వాడది అని కథ చెబుతోందో, ఆ వాడ పక్కవాడ వాళ్లే తరతరాలుగా పంబ పట్టి ఈ కథ చెప్పారు. చెప్పి, గుడి మెట్టు దగ్గరే నిలబడ్డారు.

గుడియాత్తం చుట్టుపక్కల పల్లెల జాతరల్లో నేను విన్నంతవరకు, పెద్దవాళ్లు స్తుతి తెలుగులో ఎత్తుకుంటారు. గణపతి, గంగమ్మ, ఊరి పొలిమేర దేవతలు, అంతా మన మాటలే. కథ మొదలయ్యేసరికి తమిళంలోకి దిగుతారు, ఎందుకంటే వినేవాళ్లకు అదే తెలుసు. వాళ్ల కొడుకులు స్తుతి కూడా తమిళంలోనే అంటారు. మనవలు స్తుతి మానేసి సినిమా పాటల వరసలు పంబమీద వాయిస్తున్నారు, అదీ బాగానే వాయిస్తున్నారు. దీనికి వాళ్లను తప్పుపట్టలేం. 2006 చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయి, 2015–16కు అది పదో తరగతిదాకా వచ్చింది. చదువుకున్న మన ఇళ్ల పిల్లలకే తెలుగు అక్షరం దూరమైంది. బడికి అరకొరగా పోయిన పంబవాడి కొడుకును తెలుగు నిలబెట్టమని అడగడం న్యాయం కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, నా వృత్తి అలాంటిది. ఒక పల్లె జాతర కమిటీవాళ్లు గుడి గోడకు అంటించిన జమాఖర్చు చదివాను. పందిరికి ఇంత, దీపాలకు ఇంత, బాణసంచాకు ఇంత, సినిమా పాటల కచేరీకి ఇంత అని పద్దులు విడివిడిగా వేశారు. పంబ మేళం పేరే లేదు. ఆరా తీస్తే ‘ఇతరములు’లో ఉందన్నారు, టీ ఖర్చు, తాళ్లు, సుతిలితోపాటు. పద్దు పేరు లేనిదానికి మరుసటి ఏడు కేటాయింపు పెరగదని కామర్సు చదివిన ఎవరికైనా తెలుసు.

తిరుపతి గంగజాతర మీద అమెరికా ప్రొఫెసరు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక పుస్తకం వేసింది. ఏళ్ల తరబడి అక్కడికి వస్తూ పోతూ రాసింది. తిరుపతికి గుడియాత్తం మరీ దూరం కాదు.

నాకు తెలిసిన ఒక ముసలి పంబకారుడున్నాడు, చిత్తూరువైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. రేణుక కథ పూర్తిగా చెప్పాలంటే మూడు రాత్రులంటాడు. చెప్పించుకునేవాళ్లు లేక చాలాకాలమైంది. ఆదివారాలు వెళ్లి ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను, ఇంటికి వచ్చి నోటుబుక్కులోకి ఎత్తుతున్నాను. ఒక రాత్రి కథ దాకా వచ్చింది. పంబ లేకుండా ఆయనకు మాట రాదు, పంబ ఉంటే రికార్డులో మాట వినబడదు. అందుకని మోకాలిమీద వేళ్లతో కొట్టుకుంటూ చెబుతున్నాడు. కొన్ని మాటలు నాకు తెలియవు, ఆయనకూ అర్థం తెలియదు, తాత చెప్పినట్టు చెబుతానంటాడు. సాయంత్రం సిరసును చాకలిరేవుకు తీసుకుపోయేటప్పుడు పాడే తెలుగు పాట ఒకటి ఉండేదట, దాని మొదటి చరణం ఒక్కటే ఆయనకు గుర్తుంది. పేర్నాంబట్టు, పలమనేరు, కుప్పం వైపు పాఠకుల ఇళ్లలో పెద్దవాళ్లకెవరికైనా ఆ పాట తక్కిన చరణాలు తెలిస్తే, తప్పో ఒప్పో చూడకుండా, విన్నది విన్నట్టు రాసి పత్రిక చిరునామాకు పంపమని నా మనవి.