వర్జీనియా అన్న పేరు వెనుక



వర్జీనియా పొగాకు అన్న మాట మనకు కొత్త కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నారు పోసిన రైతుకూ, బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాసిన కూలీకీ అది ఇంటి మాటే. కాని వర్జీనియా అన్నది ఉత్తర అమెరికా తూర్పు తీరాన ఒక సీమ పేరు. పెండ్లి చేసుకోకుండానే ఇంగ్లండును ఏలిన ఎలిజబెత్ రాణి గౌరవార్థం ఆ పేరు పెట్టారు. ఆ సీమ తొలినాటి చరిత్రలో నాలుగు మాటలు పదే పదే వస్తాయి. నాలుగూ సేద్యంతో ముడిపడినవే. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మొదటిది చార్టర్, అంటే రాజుగారి సన్నదు. 1606లో జేమ్స్ రాజు వర్జీనియా కంపెనీకి అటువంటి సన్నదు ఇచ్చాడు. వర్తకులు వాటాలు వేసుకుని ఓడలు పంపారు. 1607 మే నెలలో వందమందికి పైగా మగవాళ్ళు దిగి జేమ్స్‌టౌన్ అనే ఊరు కట్టుకున్నారు. ఒక్క సంగతి గమనించండి. రాజు రాసిచ్చిన ఆ నేల రాజుది కాదు. అక్కడ పౌహాటన్ ప్రజలు ఎంతో కాలంగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించుకుంటున్నారు. సన్నదు రాసేటప్పుడు వాళ్ళను అడిగినవారు లేరు.

రెండోది ఆకలి కాలం. వచ్చినవాళ్ళలో చాలామంది బంగారం కోసం చూశారు గాని పార పట్టలేదు. కొన్నాళ్ళు పౌహాటన్ల మొక్కజొన్నతోనే బతికారు. వాళ్ళతో తగవు రాగానే ఆ గింజ ఆగిపోయింది. 1609-10 చలికాలంలో గుర్రాలను, కుక్కలను, చివరకు ఎలుకలను కూడా తిన్నారు. చలి తగ్గేనాటికి ఊళ్ళో మిగిలింది సుమారు 60 మంది.

1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఆయన వెస్టిండీస్ పొగాకు విత్తనం వేశాడు. అక్కడి నాటు ఆకు మహా ఘాటు, ఈ కొత్త ఆకు కమ్మన. లండన్‌లో మంచి ధర పలికింది. ఇంకేముంది, అందరూ పొగాకే! ప్రతి రైతూ రెండెకరాలు మొక్కజొన్న వేసిన తర్వాతే పొగాకు వేయాలని గవర్నర్ డేల్ ఉత్తరువు చేశాడు. అయినా 1617లో చూస్తే ఊరి వీధుల్లోనూ, సంత జరిగే చోటా పొగాకు మొక్కలే.

మూడోది హెడ్‌రైట్, అంటే తలకు ఇంత భూమి. 1618లో కంపెనీ పెట్టిన పద్ధతి ఇది. ఓడ ఖర్చు భరించి ఒక మనిషిని తెస్తే 50 ఎకరాలు, పదిమందిని తెస్తే 500 ఎకరాలు. భూమి తెచ్చినవాడికి, చాకిరీ వచ్చినవాడికి! పైగా మూడు నాలుగు పంటలు తీసేసరికి నేల సారం పోయేది. పాత చేను విడిచి కొత్త అడవి నరికేవారు. అలా పౌహాటన్ల నేల తరిగిపోయింది. 1622లో వాళ్ళు తిరగబడి 347 మందిని చంపారు. ఏళ్ళ తరబడి యుద్ధం సాగింది. 1624లో సన్నదు రద్దయి సీమ రాజు చేతికి వెళ్ళింది.

నాలుగోది ఇండెంచర్. ఒకే కాగితం మీద ఒప్పందం రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్ళలా కోసేవారు. రెండు ముక్కలూ అతికితే పత్రం నిజమన్నమాట. ఓడ ఖర్చు కింద సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్ళ చాకిరీ. గడువు తీరకముందే ఎందరో చనిపోయారు. 19వ శతాబ్దంలో మన తెలుగు జిల్లాల నుంచి మారిషస్, నేటాల్ వెళ్ళిన కూలీలను కట్టివేసింది కూడా ఇటువంటి ఒప్పందమే.

1619లో అంగోలా నుంచి పట్టుకొచ్చిన ఇరవైమందికి పైగా ఆఫ్రికా వాళ్ళను ఆ తీరాన దించారు. వాళ్ళు ఏ ఒప్పందానికీ ఒప్పుకొని వచ్చినవారు కారు. తొలిరోజుల్లో కొందరు విడుదల పొందారు. కాని 1662లో బానిస తల్లి బిడ్డ బానిసే అని చట్టం చేశారు. ఆ చాకిరీకి ఇక గడువే లేకుండా పోయింది.

పొగాకు వర్జీనియాను నిలబెట్టిన మాట నిజమే. నిలబెట్టిన ఖర్చు ఎవరు మోశారో కూడా చూశాం కదా. రేపు మీ ఊరికి కొత్త పంట మాట వస్తే, ధర ఎంతో తప్పక అడగండి. దానితోపాటు గాదెలో గింజ మిగులుతుందా, నేల సారం నిలుస్తుందా, కష్టపడినవాడికి దక్కేదెంత అని కూడా అడగండి.