సూక్ష్మ రుణ సంస్థల సంస్కరణ ఉద్యమం

పూచీకత్తు లేకుండా పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే కంపెనీలు వడ్డీ, వసూలు పద్ధతులు మార్చుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు సాగించిన పోరాటమిది. 2006లో కృష్ణా జిల్లాలో రగిలిన వివాదం 2010లో రాష్ట్రమంతా పాకి, చివరకు దేశమంతటికీ కొత్త నిబంధనలు తెచ్చింది.

నేపథ్యం

ఈ చరిత్రకు నెల్లూరు జిల్లాలో వేళ్లున్నాయి. దూబగుంట మహిళలు ముందు నిలిచిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లాను కదిలించింది. ఆ తరువాత మహిళలు రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. అదే పొదుపులక్ష్మి. డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగి బ్యాంకు రుణాలు అందుకున్నాయి. సంఘంగా కూడి లెక్క చూసుకునే అలవాటు అప్పటిది.

సేవ నుంచి వ్యాపారానికి

షేర్, స్పందన, ఎస్‌కేఎస్ అనే సూక్ష్మ రుణ సంస్థలు మొదట సేవా సంస్థలే. తరువాత లాభం కోసం నడిచే ఫైనాన్స్ కంపెనీలయ్యాయి. అయిదుగురు మహిళలను ఒక జట్టుగా కూర్చి, ఒకరి బాకీకి అందరినీ బాధ్యులను చేసి, వారం వారం వాయిదా వసూలు చేసేవారు. పదివేల అప్పును 15 శాతం ఫ్లాట్ వడ్డీతో 50 వారాల్లో తీర్చాలనుకుందాం. వారానికి 230 రూపాయలు కట్టాలి. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మొత్తం పదివేల మీదే పడుతుంది కనుక, నిజమైన వడ్డీ దాదాపు రెట్టింపు. ఒక వాయిదా తప్పితే తోటి సభ్యులే గుమ్మం ముందు కూర్చునేవారు. ఒక కంపెనీ అప్పు తీర్చడానికి మరో కంపెనీ దగ్గర తీసుకున్నవారు ఎందరో.

పోరాటం, చట్టం

2006లో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించింది. కంపెనీలు ప్రవర్తనా నియమావళి పాటిస్తామని మాటిచ్చాయి. ఆ మాట నిలవలేదు. 2010 జులై, ఆగస్టుల్లో ఎస్‌కేఎస్ షేర్ల అమ్మకంతో సుమారు 1,600 కోట్ల రూపాయలు సేకరించింది. అదే ఏడాది వసూలు వేధింపులతో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు రాష్ట్రాన్ని కలచివేశాయి. ఐద్వా వంటి మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, అదే తరువాత చట్టమైంది. ఆ చట్టం ప్రకారం వసూలు నెలకొకసారే, అదీ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలి. వడ్డీ మొత్తం అసలును మించకూడదు.

దేశవ్యాప్త ఫలితం

రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే వడ్డీకి 26 శాతం పరిమితి వచ్చింది. 2022 నిబంధనలు ఆ పరిమితిని ఎత్తివేసి, కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండరాదన్నాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది.

అంచనా

కంపెనీలు తమంతట తాము రాసుకున్న నియమాలు మహిళలను కాపాడలేకపోయాయి. వారి గొంతు చట్టమయ్యాకే మార్పు మొదలైంది. వడ్డీ, రుసుములన్నీ తెలిపే పత్రాన్ని తనకు అర్థమయ్యే భాషలో పొందడం, గడువుకు ముందే అప్పు తీర్చినా జరిమానా కట్టకుండా ఉండడం నేడు ప్రతి సూక్ష్మ రుణగ్రహీతకూ ఉన్న హక్కులు.