ఆటలో అరటిపండు

కష్టమైన వీడియో గేముల్లో సులువు దారి కూడా ఉండాలా? ఉండాలనే నేనంటాను. చరిత్రలో అది కొత్తదేం కాదు.

1977లో అమెరికాలో వచ్చిన అటారి యంత్రం మీద ఇద్దరు ఆటగాళ్లకూ వేరువేరు మీటలుండేవి. అన్న కష్టంగా, తమ్ముడు సులువుగా పెట్టుకొని కలిసి ఆడొచ్చు. 1986లో జపాన్‌లో కొనామి సంస్థ గ్రాడియస్ ఆటను ఇంట్లో ఆడేలా తయారుచేసింది. ఆ పని చేసిన కజుహిసా హషిమోటోకే అది కష్టమైపోయింది! ఆడి పరీక్షించడానికి ఆయన ఒక రహస్య మీటల వరుస పెట్టుకున్నాడు. 2018లో వచ్చిన సెలెస్ట్ ఆటలో వేగం తగ్గించుకునే సాయం బాహాటంగానే ఇచ్చారు. 2019 నాటి సెకిరోలో అలాంటిది లేదు. దాంతో పెద్ద వాదనే జరిగింది.

"సులువైతే గెలుపుకు విలువేముంది?" అని నా స్నేహితులు అడుగుతారు. మా తిరుత్తంగల్ వీధుల్లో చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండుగా చేర్చుకుంటాం. తమిళ పిల్లలు ఒప్పుక్కు చప్పాణి అంటారు. దానివల్ల మా గెలుపేమీ తగ్గదు. కానీ అరటిపండుకు గెలుపే లేదు. మా చిన్నాన్న కొడుక్కి కుడిచేతి వేళ్లు సరిగా వంగవు. వేగం తగ్గితే వాడూ ఆఖరిదాకా ఆడి, లెక్కలోకి వచ్చే గెలుపు గెలుస్తాడు. కష్టం కావాలన్నవాళ్లకు కష్టం అట్లాగే ఉంటుంది.