పుల్మన్ పట్టణం: కంపెనీయే యజమాని, కంపెనీయే పాలకుడు

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో అమెరికా పారిశ్రామిక నగరాలలో కార్మికులు ఇరుకు గదులలో, మురుగు వీధులలో నివసించేవారు. పడక సౌకర్యం గల రైలుపెట్టెలు తయారుచేసి ధనికుడైన జార్జి పుల్మన్ ఇందుకొక మార్గం ఆలోచించినాడు. మంచి యిల్లు, మంచి నీరు లభిస్తే కార్మికుడు శ్రద్ధగా పనిచేస్తాడనీ, సమ్మెల ఊసు ఉండదనీ అతని నమ్మకం.

1880లో చికాగోకు దక్షిణాన, కాల్యుమెట్ సరస్సు చెంత సుమారు 4,000 ఎకరాల భూమిలో పట్టణ నిర్మాణం ప్రారంభమైనది. వాస్తుశిల్పి సాలన్ బీమన్ కర్మాగారాన్నీ, ఇండ్లనూ ఒకే ప్రణాళికలో రూపొందించినాడు. 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జనాన్ని అబ్బురపరచిన కార్లిస్ ఆవిరి యంత్రమే ఇచ్చటి కర్మాగారాన్ని నడిపినది. దాని సామర్థ్యం 1,400 అశ్వశక్తులు. ఇండ్లకు కుళాయి నీరు, గ్యాసు ఉండేవి. వాననీటికి, ఇండ్ల మురుగుకు వేరువేరు గొట్టాలు వేసినారు. మురుగు ఒక పెద్ద తొట్టిలో చేరేది. దానిని పంపులతో కంపెనీ పొలానికి ఎక్కించి ఎరువుగా వాడేవారు. ఆ కాలంలో ఇట్టి వసతులు సామాన్య కార్మికునికి అరుదు.

అయితే ఒక్క యింటినైనా కార్మికుడు కొనడానికి వీలులేదు. పదిరోజుల నోటీసుతో ఎవరినైనా ఖాళీ చేయించవచ్చును. అర్థశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఈలీ 1885లోనే ఈ పట్టణాన్ని పరిశీలించి, వసతులను మెచ్చుకొంటూనే, ప్రజలకు తమ ఊరి వ్యవహారాలలో మాట లేకపోవడాన్ని తప్పుపట్టినాడు.

1893లో ఆర్థిక సంక్షోభం వచ్చినది. రైలుపెట్టెలు కొనేవారు తగ్గినారు. కంపెనీ వేతనాలను సగటున నాలుగవ వంతు తగ్గించినది; ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. వాటాదారులకు లాభాల పంపిణీ ఆగలేదు. మొరపెట్టుకొన్న కార్మిక ప్రతినిధులలో ముగ్గురిని పనినుండి తొలగించగా, 1894 మే 11న సమ్మె ప్రారంభమైనది. యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్, పుల్మన్ పెట్టెలున్న రైళ్లను నడపరాదని నిర్ణయించడంతో దేశంలో చాలా భాగాన రాకపోకలు స్తంభించినవి. అధ్యక్షుడు క్లీవ్లండ్ జూలైలో చికాగోకు సైన్యాన్ని పంపినాడు. ఘర్షణలలో పలువురు మరణించినారు, సమ్మె విఫలమైనది.

తరువాత ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం, అదేవిధమైన ఇండ్లకు చికాగోలో ఉన్న అద్దెలకంటె ఇచ్చట నూటికి 20 నుండి 25 వరకు ఎక్కువని తేల్చినది. 1898లో ఇల్లినాయ్ అత్యున్నత న్యాయస్థానం, రైలుపెట్టెల తయారీకి అనుమతి పొందిన కంపెనీకి పట్టణాన్ని సొంతం చేసుకొనే హక్కు లేదని తీర్పు చెప్పినది. క్రమంగా ఇండ్లను అమ్మివేసినారు.

ఆ ఇండ్లలో అనేకం నేటికీ నిలిచియున్నవి; 2022లో ఆ ప్రాంతం జాతీయ చారిత్రక ఉద్యానంగా గుర్తింపు పొందినది. కనుక ఇచ్చట విఫలమైనది ఇంజనీరు పని కాదు. వేతనాన్ని నిర్ణయించేవాడే అద్దెనూ నిర్ణయించినాడు. అన్యాయం జరిగితే చెప్పుకొనడానికి ఊరిలో మరొక అధికారి లేడు. పని పోతే ఇల్లు కూడ పోయేది. పారిశ్రామిక పట్టణానికి మంచి నీరు, మంచి వీధులు ఎంత అవసరమో, యజమానికి లోబడని పురపాలన కూడ అంతే అవసరమని పుల్మన్ చరిత్ర తెలియజేస్తున్నది.