కాజాలు తీసిన చేతులు

జనగామలో మా మామను ఊరంతా దర్జీ అనే పిలిచేది. మా అత్తమ్మను మాత్రం ఎవరూ అట్ల పిలవలేదు. కొలతల పుస్తకం ఆయనది, కత్తెర ఆయనది, పైసలు పెట్టే డబ్బా ఆయనది. అంగీలకు కాజాలు తీసింది, గుండీలు కుట్టింది, లాగుల అంచులు మడిచి చేత్తో కుట్టింది అత్తమ్మ. బడి నుంచి వచ్చిన పిల్లలు బాబిన్లకు దారం చుట్టేవాళ్లు. ఒక్క మనిషి పేరు మీద నలుగురు చేసిన పని అది.

మేం మేరోళ్లం, కుట్టుపనే మా కులవృత్తి. మా మామ వాళ్ల నాయన కాలంలో దుకాణమే లేదు. పెళ్లికి ముందు ఆసామి కబురు పెడితే వాళ్ల అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ కుట్టి రావడమే. కూలి కల్లం కాడ వడ్ల రూపంలో ముట్టేది. ఆ పద్ధతిని మార్చింది మిషన్, మిషన్ వెంట రైలు. అమెరికాలో సింగర్ 1851లో కుట్టు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆయన కంపెనీ వాయిదాల మీద అమ్మకం మొదలుపెట్టింది. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చింది. జనగామ, మానుకోట రెండూ ఆ దారిలోనివే. యంత్రాలంటే గిట్టని గాంధీ కూడా 1924లో కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చాడు, సింగర్ తన భార్య మీద ప్రేమతో దాన్ని చేశాడని. సింగర్ సంసారాల సంగతి తెలిసినవాళ్లు ఆ మాటకు నవ్వుకుంటారు, అది వేరే ముచ్చట. మా ఇంట్లోకి మొదట వచ్చింది మాత్రం కలకత్తాలో తయారైన ఉషా.

మా పుట్టిల్లు మానుకోట పక్కన. చుట్టూ తండాలు. లంబాడా ఆడవాళ్లు మా నాయన దగ్గరికి నడుముకు కట్టే ఫేట్యా గానీ పైన తొడిగే కాంచళి గానీ తెచ్చిన రోజు లేదు. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు పెట్టుకుని వాళ్లే కుట్టుకునేవాళ్లు. ఆ చేతిపని ముందు మా మిషన్ కుట్టు ఎంత? మగవాళ్ల అంగీలే మా నాయనకు దక్కేవి. తండాల్లో వయసు పిల్లలు చీర కట్టడం మొదలుపెట్టాకే మాకు జాకెట్ గుడ్డలు వచ్చాయి.

ఆ తర్వాత, పెళ్లయి వచ్చిన జనగామలో మమ్మల్ని బతికించింది ఆ జాకెట్టే. రెడీమేడ్ ప్యాంట్లు, అంగీలు బజారు నింపేసరికి మగవాళ్ల దర్జీలు ఒక్కొక్కరే షట్టర్లు దించారు. మా దుకాణం కిరాయి కూడా వెళ్లలేదు. మిషన్‌ను ఇంటి ముందర గదిలోకి తెచ్చుకున్నాం. జాకెట్ అలా అంగడిలో దొరికేది కాదు. చంక దగ్గర అర అంగుళం తేడా వచ్చినా ఒంటికి పట్టదు. అందుకే ఆది జాకెట్ పట్టుకుని మనిషి రావలసిందే. వచ్చిన ఆడవాళ్లు మా ఆయనకు కొలతలు చెప్పడానికి సిగ్గుపడి నన్ను పిలిచేవాళ్లు. కొలతల పుస్తకం నా చేతికి అట్ల వచ్చింది, ఎవరూ ఉదారంగా ఇచ్చింది కాదు. ఆయన ఫాల్స్, పికోలకు మారాడు. బతుకమ్మ ముందర రాత్రుళ్లు ఇద్దరం నిద్ర కాసేవాళ్లం. అయినా బోర్డు మీద ఆయన పేరే చాలా ఏళ్లు నడిచింది.

మా అమ్మాయిది భూపాలపల్లి, గని కాలనీలో కాపురం. ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు వరంగల్ జిల్లావే. 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. అమ్మాయి ఉండే గని కాలనీలో కుట్టుపని కులాన్ని దాటిపోయింది. సింగరేణి సేవా సమితి కార్మికుల ఇండ్ల ఆడవాళ్లకు టైలరింగ్ నేర్పుతుంది. నేర్చుకోవడం మంచిదే, కానీ వాడకు నాలుగు మిషన్లయితే జాకెట్ రేటు పెరగదు. 2024లో సర్కారు బడి యూనిఫారాలు మహిళా సంఘాలకు అప్పగించి, జతకు 50 రూపాయలున్న కుట్టుకూలిని 75 చేసింది. మా అమ్మాయి సంఘంలో చేరి ఆ పనీ ఒప్పుకుంది. షిఫ్టు దిగి వచ్చాక అల్లుడు గుండీలు కుడతాడు. ఆ కూలి ఎవరి పేరున రాయాలని నేనడిగితే, ముందు జూన్‌లోగా జతలు అందించనియ్యమని మా అమ్మాయి కసిరింది.